చచ్చిన గొడ్డు ఎక్కడ పడాలో గ్రామసభే తేల్చాలి
అహేరి, సిరొంచ తాలూకాల గ్రామసభలకు బహిరంగ లేఖ

గ్రామసభ సభ్యులకు, సర్పంచులకు, ఊరి పెద్దలకు, పశువులు కాసే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

అక్టోబర్ 2న మీ ఊళ్లో గ్రామసభ కూర్చుంటుంది. రోడ్లు, తాగునీళ్లు, ఇళ్ల మంజూర్లు, తునికాకు లెక్కలు ఎలాగూ చర్చకు వస్తాయి. వాటి పక్కన ఇంకొక్క విషయానికి చోటు ఇవ్వమని అడుగుతున్నాం. ఊళ్లో గొడ్డు చస్తే ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు, ఆ మాట ఎవరు చెప్పాలి? ఇప్పుడు ఈ మూడింటికీ ఏ ఊళ్లోనూ ఖచ్చితమైన జవాబు లేదు. ఎవరికి తోచిన వాగులో వాళ్లు, ఎవరికి దగ్గరైన చెలకలో వాళ్లు పడేస్తున్నారు. మన ప్రాంతంలో రాబందు బతుకు సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

ప్రాణహిత అవతల, బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట చరియల మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. ఇవతల గడ్చిరోలి జిల్లాలో తెల్లవీపు రాబందులు పెద్ద చెట్ల మీద గూడు కడతాయి. ఈ జిల్లాలో అటవీశాఖ వాటికోసం మేతస్థలాలు, అంటే చచ్చిన గొడ్లను తిండిగా వేసే చోట్లు, కూడా నడిపింది. గూడు ఏ ఒడ్డున ఉన్నా తిండి వెతుక్కునేది రెండు ఒడ్డుల్లోనూ. పొద్దెక్కి గాలి వేడెక్కగానే పైకి లేచి, రెక్క ఆడించకుండానే పదుల కిలోమీటర్లు తిరిగి వస్తాయి. హర్యానాలోని పింజోర్ పెంపక కేంద్రం నుంచి తెచ్చిన తెల్లవీపు రాబందులను 2024లో మన పక్కనే ఉన్న తాడోబాలో వదిలితే, వాటిలో ఒకటి రాష్ట్రాలు దాటుకుంటూ తమిళనాడు దాకా పోయింది. కాబట్టి "మా ఊళ్లో రాబందులు లేవు కదా, మాకెందుకు" అని ఏ ఊరూ అనలేదు. ఈ రోజు లేకపోవచ్చు, రేపు మీ ఊరి మీదుగా పోయే పక్షి మీ చెలకలోనే దిగవచ్చు. అది అక్కడ ఏం తింటుందో మీ చేతిలో ఉంది.

ఎంత నష్టం జరిగిందో మొదట చెప్పాలి. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. పొడుగుముక్కు రాబందుల్లో నూటికి తొంభై ఏడు పోయాయి. చాలాకాలం ఇది ఏదో అంటురోగం అనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసిన శాస్త్రవేత్తలు 2004లో అసలు కారణం బయటపెట్టారు. పశువులకు నొప్పికి, వాపుకు, జ్వరానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు దీనికి కారణం. సూది పడ్డ గొడ్డు ఒకటి రెండు రోజుల్లో చస్తే మందు దాని కాలేయంలో, మూత్రపిండాల్లో, మాంసంలో ఇంకా ఉంటుంది. దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పనిచేయడం ఆగిపోతుంది. బయటికి పోవాల్సిన యూరిక్ ఆమ్లం లోపలే గడ్డకట్టి, గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. పక్షి మెడ వాల్చుకుని కొమ్మ మీద కూర్చుంటుంది, కొద్ది రోజుల్లో కింద పడుతుంది.

ఇందులో గ్రామసభ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. మందు ఉన్న కళేబరాలు వందకు ఒకటి కన్నా తక్కువ ఉన్నా చాలు, రాబందుల జాతి మొత్తం కూలిపోతుంది. ఒక ఎద్దు మీద ఒకేసారి పదులకొద్దీ పక్షులు వాలతాయి కదా. పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ పిల్ల పెరిగి మళ్లీ గుడ్డు పెట్టడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. అందుకే ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది జాగ్రత్తగా ఉంటే సరిపోదు. ఎవరికి వాళ్లు మంచిగా ఉండడం కన్నా ఊరంతా కలిసి ఒక మాట మీద ఉండడం ముఖ్యం. ఈ లేఖను ఇంటింటికీ పంచకుండా గ్రామసభకు రాయడానికి కారణం అదే.

ఇక మందుల సంగతి. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లోనే నిషేధించారు. అయినా మనుషులకు వాడే 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు పశువులకు ఎక్కిస్తూ పోయారు. అందుకని 2015లో మనుషుల సూదిమందు కూడా 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకు మించి అమ్మకూడదన్నారు. 2023లో కీటోప్రోఫెన్, ఏసిక్లోఫెనాక్ పశువులకు నిషేధమయ్యాయి. ఏసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, పేరు వేరైనా విషం అదే. 2024 చివర్లో నిమెసులైడ్‌ను కూడా చేర్చారు. ఈ నాలుగింటితో పాటు ఫ్లూనిక్సిన్, కార్ప్రోఫెన్, ఫినైల్‌బ్యుటజోన్ అన్న పేర్లు కనిపించినా ఆ సీసాను ఊళ్లోకి రానివ్వకండి.

ఈ పేర్లు సీసా మీద పెద్ద అక్షరాలతో ఉండవు. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాన్ని చూసి "ఇది వేరే మందు" అనుకుంటారు. సీసాను తిప్పి, ఒక మిల్లీలీటర్‌లో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో రాసే చిన్న అక్షరాల వరస చదవాలి. రెండు మూడు మందులు కలిపిన సీసాల్లో మొదటి పేరు మంచిదై, రెండోది నిషేధించినదై ఉండవచ్చు, కాబట్టి వరస చివరిదాకా చదవాలి. ఇంగ్లీషు చదవగలిగే పదో తరగతి పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. నిషేధించిన పేర్లు తెలుగులో, మరాఠీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి, పంచాయతీ ఆఫీసు గోడకు, పాల కేంద్రం దగ్గర కట్టండి. అట్ట వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు వేయించండి.

రాబందుకు హాని చేయదని పరీక్షల్లో తేలినవి మెలోక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లం. రెండూ నొప్పికి, వాపుకు, జ్వరానికి పనిచేస్తాయి. మెలోక్సికామ్ మీద ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది, "డైక్లో అంత చురుగ్గా పనిచేయదు" అని. చాలాసార్లు తప్పు మందుది కాదు, డోసుది. మామూలు సీసాలో మిల్లీలీటర్‌కు 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పశువుకు కిలో బరువుకు అర మిల్లీగ్రాము కావాలి. అంటే పది కిలోలకు ఒక మిల్లీలీటర్. 250 కిలోల ఎద్దుకు 25 మిల్లీలీటర్లు పడాలి. పది మిల్లీలీటర్లు వేసి వదిలేస్తే జ్వరం దిగదు, మర్నాడు మళ్లీ పాత మందు కోసం పరుగెత్తుతారు. ఇంకా చిక్కటి మందు ఉన్న సీసాలు కూడా వస్తాయి, అప్పుడు లెక్క మారుతుంది. కాబట్టి డోసు పశువుల డాక్టరే చెప్పాలి. మనం చేయాల్సింది ఎద్దు బరువు తక్కువ చేసి చెప్పకుండా ఉండడం, సీసా ఖరీదు చూసి సగంతో ఆపమనకుండా ఉండడం. పశువుల దవాఖాన దూరమైతే 1962 నెంబరుకు ఫోన్ చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది. వానాకాలంలో వాగులు పొంగి అది రాలేని ఊళ్లు మన దగ్గర చాలా ఉన్నాయని తెలుసు. ఆ ఊళ్లకు జూన్‌కు ముందే కొన్ని మెలోక్సికామ్ సీసాలు పంచాయతీ దగ్గర నిల్వ పెట్టించండి. తారీఖు దాటినవి తీసేసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి.

సూది ఎవరు వేశారన్నది పెద్ద ప్రశ్న కాదు. డిగ్రీ ఉన్నాయన వేసినా, ఊరి మీద తిరిగే ఆయన వేసినా, ఏం వేశారో రాసి ఉండాలి. దానికి మేం చెప్పే పద్ధతి చాలా చిన్నది. సూది వేశాక ఖాళీ సీసాను పారేయకండి. దాని మీద తారీఖు రాసి, చిన్న సంచిలో వేసి, కొట్టంలో దూలానికి కట్టండి. పదిరోజులు అలాగే ఉంచండి. పదిరోజుల్లో ఆ గొడ్డు కోలుకుంటే సీసా తీసేయవచ్చు. చచ్చిందనుకోండి, ఇంటాయన దుఃఖంలో ఉంటాడు, ఏ మందో గుర్తుండదు, సూది వేసినాయన ఊళ్లో ఉండడు. దూలానికి వేలాడే సీసాయే సాక్ష్యం చెబుతుంది. మందు ఒంట్లోంచి అంతకన్నా ముందే చాలావరకు పోతుంది, కానీ జబ్బు పశువులో ఆలస్యం కావచ్చు గనుక పదిరోజుల గడువు పెట్టుకోమంటున్నాం.

గొడ్డు చచ్చినప్పుడు ఇక చూడాల్సినవి రెండే. మొదటిది, ఎలా చచ్చింది. ఉన్నట్టుండి పడి చచ్చి, ముక్కులోంచి, మలద్వారంలోంచి నల్లటి నెత్తురు కారుతూ, ఆ నెత్తురు గడ్డకట్టకుండా, కడుపు తొందరగా ఉబ్బి, కాళ్లు బిగుసుకోకుండా ఉంటే అది దొమ్మ రోగం కావచ్చు. అలాంటి దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, ఈడ్చుకుపోకూడదు. రాబందు కడుపులోని ఆమ్లం ఆ క్రిమిని చంపగలదు గానీ, కత్తి పట్టిన మనిషి చేతి గీతలోంచి అది లోపలికి పోతుంది, నేల మీద చిందిన నెత్తురులో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. పశువుల డాక్టరుకు కబురు పెట్టి, చచ్చిన చోటికి దగ్గరలోనే ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. పిచ్చి పట్టి చచ్చిందన్న అనుమానం ఉన్నా ఇంతే.

రెండోది, దూలానికి సీసా ఉందా. ఉండి, అందులో నిషేధించిన మందు ఉంటే పూడ్చాలి. ఏ మందో తెలియకపోయినా పూడ్చాలి. అనుమానం వచ్చిన ప్రతిచోటా పూడ్చడం వైపే మొగ్గండి. పెద్ద ఎద్దుకు ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గొయ్యి కావాలి. పైన కనీసం మూడడుగుల మట్టి పడాలి. రెండడుగులతో సరిపెడితే రెండో రాత్రికే కుక్కలు తోడేస్తాయి, తెల్లారేసరికి కళేబరం సగం బయట ఉంటుంది. మట్టి మీద రేగుకంపో తుమ్మకంపో పరిచి రాళ్లు పెట్టండి. బావికి, చెలిమకు, వాగుకు కనీసం రెండువందల మీటర్ల దూరం ఉండాలి. ప్రొక్లెయిన్‌కో జేసీబీకో అయ్యే ఖర్చు రైతు మీద పడితే ఎవరూ పూడ్చరు. చీకట్లో వాగులో పడేస్తారు, వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. పెసా (ఆదివాసీ ప్రాంతాల పంచాయతీ చట్టం) కిందికి వచ్చే గ్రామాలకు నేరుగా వచ్చే ఐదు శాతం నిధిలో వన్యప్రాణుల సంరక్షణ కూడా ఒక పద్దు. గోతి ఖర్చును గ్రామసభ దాంట్లోంచి ఇవ్వవచ్చు.

మందు పడని గొడ్డు, లేదా మెలోక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లం మాత్రమే పడ్డ గొడ్డు, రాబందు భోజనం. దానికి ఊరి పొలిమేరలో ఒక చోటు కేటాయించాలి. ఈ చోటు ఎంపికలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మొదటి పొరపాటు, ట్రాక్టరు పోవడానికి వీలుందని రోడ్డు పక్కన పెట్టడం. కడుపునిండా తిన్న రాబందు వెంటనే పైకి లేవలేదు. ఒక్కోటి ఒకేసారి కిలో దాకా మాంసం మింగుతుంది, ఆ బరువుతో పరుగెత్తి పరుగెత్తి గాల్లోకి లేవాలి. రోడ్డు పక్కనైతే లారీ కింద పడుతుంది. చుట్టూ పొదలైతే కుక్క నోట్లో పడుతుంది. యాభై నుంచి వంద మీటర్ల ఖాళీ నేల కావాలి, కొంచెం ఎత్తుగా ఉంటే ఇంకా మంచిది. అంచున వాలడానికి నాలుగైదు పెద్ద చెట్లుండాలి. రాబందు వచ్చీ రాగానే దిగదు. గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా చెట్టు మీంచి చూసి నమ్మకం కుదిరాకే దిగుతుంది. ఊరికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరం, కరెంటు తీగలకు ఎంత దూరమైతే అంత మంచిది.

రెండో పొరపాటు కంచె. కంచె లేకపోతే చోటంతా కుక్కలదే. కంచె వేసి పది మీటర్ల చదరంలో బిగిస్తే లోపల దిగిన పక్షికి పరుగెత్తి లేచే చోటుండదు. కంచె యాభై మీటర్లకు యాభై మీటర్లు ఉండాలి, ఆరడుగుల ఎత్తు ఇనుప జాలీ. జాలీ అడుగుభాగాన్ని బయటివైపు వంచి అడుగు లోతున పాతాలి. కుక్క జాలీ మొదట్లోనే తవ్వుతుంది, వంచిన జాలీ గోళ్లకు తగిలితే మానుకుంటుంది. ముళ్లతీగ, నైలాన్ వల మాత్రం వాడకండి. రెక్కలు చిక్కుకుంటాయి.

మూడోది, కళేబరాన్ని ఉన్నది ఉన్నట్టు పడేయడం. బర్రె తోలు రాబందు ముక్కుకు లొంగదు. కళ్లు, నాలుక, మలద్వారం దగ్గర మొదలుపెట్టి లోపలికి దారి చేసుకోవడానికి చాలా సమయం పడుతుంది, ఈలోగా మాంసం కుళ్లిపోతుంది. ఇదివరకు తోలు తీసేవాళ్లు ఉన్నప్పుడు ఈ ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆ పని తగ్గింది. తోలు తీసే మనిషి దొరికితే కూలి ఇచ్చి తీయించండి, చేతికి తొడుగులు, నోటికి గుడ్డ ఇవ్వండి. దొరకకపోతే పొట్ట కింద పొడవునా ఒక గాటు, తొడల లోపలివైపు రెండు గాట్లు చాలు. ముక్కుతాడు, మెడ పగ్గం, గంట, నైలాన్ తాడు ముందే తీసేయండి. పక్షి నైలాన్ పోగులను గూటికి మోసుకుపోతే పిల్ల కాళ్లకు చుట్టుకుంటాయి. చెవికున్న పసుపు బిళ్ల కూడా కోసి తీయండి, దాని మీది పన్నెండు అంకెల నెంబరు రాసుకోండి.

పక్షులు వెళ్లిపోయాక మిగిలిన ఎముకల్లో కొన్నింటిని గొడ్డలి వెనకతో వేలి కణుపంత ముక్కలుగా పగలగొట్టి అక్కడే చల్లండి. పిల్లల ఎముకలు గట్టిపడడానికి తల్లీతండ్రీ ఆ ముక్కలు తీసుకుపోతాయి. అవి దొరకని చోట గాజుముక్కలు, ప్లాస్టిక్ ముక్కలు గూటికి తెచ్చిన సంగతులు వేరే దేశాల్లో నమోదయ్యాయి. ఒక సిమెంటు తొట్టి, జానెడు లోతుకు మించకుండా, నీళ్లతో ఉంచండి. తిన్నాక రాబందు ఒళ్లు కడుక్కుంటుంది. ఈ సంగతి తెలియనివాళ్లే దాన్ని మురికి పక్షి అంటారు.

ఒక నోటు పుస్తకం పెట్టండి. తారీఖు, ఎవరి గొడ్డు, చెవి బిళ్ల నెంబరు, ఎలా చచ్చింది, పదిరోజుల్లో ఏ మందు పడింది, పూడ్చారా వేశారా, ఎన్ని పక్షులు వచ్చాయి. ఏడు గడులు చాలు. కళేబరం ట్రాక్టరు మీద పోతుంటే దారిలో ఎవరైనా ఆపి గోహత్య చట్టం మాట ఎత్తవచ్చు. ఈ పుస్తకంలోని పేజీ, సర్పంచ్ సంతకం ఉన్న ఒక చీటీ డ్రైవరు దగ్గర ఉంటే గొడవ అక్కడితో ఆగుతుంది.

కుక్కల మాట రెండు ముక్కల్లో. రాబందులు పోయాక ఆ మాంసం కుక్కలకు పోయింది, కుక్కలు పెరిగాయి, పిచ్చికుక్క కాట్లూ పెరిగాయి. రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 లోపు మన దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో అచ్చయిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం లెక్కకట్టింది. కుక్క కరవడం ఒక్కటే దానికి కారణం కాదు, కుళ్లిన కళేబరాలతో పాడైన నీళ్లు కూడా.

మందు తర్వాత పెద్ద ప్రమాదం విషం. పులో చిరుతో ఆవును చంపుతుంది. కడుపుమంటతో ఎవరో మిగిలిన మాంసం మీద గుళికలమందు చల్లుతారు. పులి మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. రాబందులు మాత్రం మధ్యాహ్నానికల్లా దిగుతాయి. డైక్లోఫెనాక్ కళేబరాల్లో కొన్నింట్లోనే ఉంటుంది, గుళికలమందు చల్లిన కళేబరం మీద దిగిన గుంపులో మాత్రం ఒక్కటీ మిగలదు. కుక్కలను చంపడానికి విషం కలిపిన మాంసం పెట్టినా జరిగేది ఇదే. ఆవు పోయిన మనిషి కోపం న్యాయమైనదే, దాన్ని మేం తక్కువ చేయడం లేదు. గ్రామసభ చేయాల్సింది ఆ మనిషికి నష్టపరిహారం తొందరగా ఇప్పించడం. కళేబరాన్ని కదపకుండా, ఫోటోలు తీసి, అదే రోజు వనరక్షక్‌కు చెప్పాలి, పంచనామా అయ్యేదాకా ఒకరు అక్కడే ఉండాలి. కదిలించిన కళేబరానికి పరిహారం దగ్గర పేచీ వస్తుంది, అప్పుడు విషం చల్లాలన్న ఆలోచన పుడుతుంది. కాగితాలు రాయడానికి చదువుకున్న ఒక పిల్లవాణ్ణి గ్రామసభ ముందే నియమిస్తే సగం పని అయిపోతుంది. రాబందు వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 ప్రాణి. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. ఈ మాట కూడా ఒకసారి సభలో చదవండి.

చెట్ల విషయం. తెల్లవీపు రాబందు గూడు కట్టేది ఏటి ఒడ్డున ఉండే ముసలి ఏరుమద్ది, పెద్ద మామిడి లాంటి చెట్ల కొసన. అక్టోబర్, నవంబర్‌లో పుల్లలు మోయడం మొదలుపెడుతుంది. పిల్ల ఎగిరేసరికి మార్చి, ఏప్రిల్, ఒక్కోసారి మే. అంటే ఇప్పపువ్వు ఏరే కాలమూ, తునికాకు పొదలు కొట్టే కాలమూ గూట్లో ఎగరలేని పిల్ల ఉన్న కాలమూ ఒకటే. ఇప్పచెట్టు కింద ఆకు కాలబెట్టి నేల శుభ్రం చేస్తే మంట అక్కడే ఆగదు. పొగకు తల్లి గూడు వదిలిపోతుంది, ఎండకు పిల్ల చస్తుంది. గూళ్లున్న చెట్లకు చుట్టూ రెండువందల మీటర్ల దాకా ఆకు ఊడ్చి పోగుచేయడమే తప్ప నిప్పు పెట్టకూడదని తీర్మానించండి. పువ్వు ఏరడానికి చెట్టు కింద పాత చీర పరిస్తే ఊడ్చే పని కూడా తగ్గుతుంది, పువ్వుకు మట్టి అంటదు, ధర కూడా బాగా వస్తుంది. గూడున్న చెట్టుకు సున్నంతో ఒక గుర్తు వేయండి. అది ఎండిపోయిన చెట్టయినా కట్టెకు కొట్టకండి, ఆకు లేని కొమ్మ మీద వాలడం దానికి సులువు. గూడు కిందికి పోయి సెల్‌ఫోన్లో వీడియో తీయడం, డ్రోన్ ఎగరేయడం ఒద్దు. గుట్ట చరియల దగ్గర కొండతేనె తీసేవాళ్లు పొగబెట్టేది మే తర్వాతకు వాయిదా వేసుకుంటే చాలు.

కరెంటు తీగలు మన చేతిలో లేవు, కానీ అడగడం మన చేతిలో ఉంది. రాబందు రెక్కలు చాచితే రెండు మీటర్లు. పదకొండు కేవీ స్తంభం మీద తీగకూ తీగకూ మధ్య దూరం అంతకన్నా తక్కువ. స్తంభం మీద వాలి రెక్క విప్పినప్పుడు రెండు తీగలకూ తగిలితే అక్కడికక్కడే మాడిపోతుంది. మేతస్థలానికి, గూళ్లకు దగ్గరున్న స్తంభాల నెంబర్లు రాసి, ఆ స్తంభాల దగ్గర తీగలకు రబ్బరు తొడుగు వేయమని గ్రామసభ పేరుతో విద్యుత్ శాఖకు ఉత్తరం ఇవ్వండి. కొత్త లైను వచ్చేటప్పుడే అడిగితే పని ఇంకా తేలిక.

కింద పడిన రాబందు కనిపిస్తే గుంపుగా మూగకండి. కుక్కలను తరిమి, 1926కు ఫోన్ చేయండి, అది అటవీశాఖ నెంబరు. ఎండలో ఉంటే వెనకనుంచి మెల్లగా పోయి తల మీద గుడ్డ కప్పండి. చీకటైతే అది నెమ్మదిస్తుంది. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి, ముక్కును మొహానికి దూరంగా ఉంచాలి. మాంసం పెట్టొద్దు, నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. భయపడితే తిన్నది కక్కేస్తుంది, అది రోగం కాదు. చచ్చిపోయి కనిపిస్తే పూడ్చకండి. అదే రోజు కోసి చూస్తేనే మందా, విషమా, కరెంటా తేలుతుంది. ఒకరోజు దాటితే ఎండకు అన్నీ కలిసిపోతాయి.

ఇళ్ల మీద రాబందు వాలితే అరిష్టమని, ఆ ఇల్లు కొన్నాళ్లు వదిలేయాలని పెద్దలు అనడం మనకు తెలుసు. జనాన్ని దోచుకునేవాళ్లను "రాబందుల్లా పీక్కుతింటున్నారు" అని తిట్టడమూ తెలుసు. బతికున్న దేన్నీ ముట్టని పక్షి అది. జటాయువుకు దండం పెట్టే మన నోటితోనే ఆ మాట అంటున్నాం. ఊరి బడిలో టీచర్లు పిల్లలకు ఇది చెబితే ముసలివాళ్లు కూడా వింటారు.

ఇదంతా చేసే అధికారం గ్రామసభకు ఉందా అని అడగవచ్చు. ఉంది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 5 కింద అడవినీ, వన్యప్రాణులనూ, జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారం గ్రామసభదే. మన జిల్లాలోనే మేంఢా గ్రామసభ 2009లో సామూహిక అటవీ హక్కు సాధించి, తన అడవి గురించి తానే నిర్ణయాలు తీసుకుంటోంది. అనుమతి కోసం ఎవరి గడపా ఎక్కాల్సిన పనిలేదు. అటవీశాఖకు, పశుసంవర్ధక శాఖకు తీర్మానం నకలు పంపితే చాలు.

అక్టోబర్ 2న చదవడానికి వీలుగా తీర్మానం నమూనా కింద ఇస్తున్నాం. మీ ఊరికి తగ్గట్టు పేర్లు, చోట్లు మార్చుకోండి.

"ఈ గ్రామసభ హద్దుల్లో పశువులకు డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, నిమెసులైడ్, ఫ్లూనిక్సిన్ ఎవరూ అమ్మరు, వేయరు, వేయించుకోరు. సూది వేసిన ప్రతి పశువు ఖాళీ సీసా పదిరోజులు కొట్టంలో ఉంటుంది. పశువు చచ్చిన రోజే ఇంటివాళ్లు .......... గారికి చెబుతారు, వేయాలా పూడ్చాలా అన్నది వారు సీసా చూసి చెబుతారు. పూడ్చే ఖర్చు గ్రామసభ భరిస్తుంది. మేతస్థలం .......... దగ్గర. కళేబరానికి విషం కలిపినవాళ్ల పేరు గ్రామసభ అటవీశాఖకు ఇస్తుంది. గూడున్న చెట్లు ..........; వీటిని కొట్టరు, వీటి కింద నిప్పు పెట్టరు. నోటు పుస్తకాన్ని ప్రతి గ్రామసభలో చదువుతారు."

చుక్కలున్న మొదటి చోట పేరు రాసేటప్పుడు పశువులు కాసే మనిషిని మరిచిపోకండి. ఏ ఇంటి గొడ్డు ఎప్పుడు మేత మానేసిందో, ఎవరొచ్చి సూది వేశారో ఊళ్లో అందరికన్నా ముందు తెలిసేది ఆయనకే.

ఇట్లు,
ప్రాణహిత ఇరు ఒడ్డుల పక్షి పరిశీలకులు, పశువైద్య సహాయకులు